40 హెచ్‌పీ పెట్రోల్ ఇంజన్ తీసేసి 40 హెచ్‌పీ ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ పడవలో పెట్టొచ్చా?

చుక్కాని:

అందరికీ నమస్కారం. పడవ పొడవు 24 అడుగులు, నీటి గీత దగ్గర 22. గుండ్రటి అడుగు, నీళ్లు తోసుకుంటూ పోయే రకమే తప్ప నీటి మీద లేచి పరిగెత్తేది కాదు. ఖాళీగా 2 టన్నులు, సామాను పడితే 3. లోపల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, 4000 ఆర్‌పీఎం దగ్గర 40 హెచ్‌పీ. వెనక 2:1 గేర్‌బాక్స్, 25 మి.మీ. షాఫ్టు, 13 అంగుళాల ప్రొపెల్లర్. ఇంజన్ బోరుకొచ్చింది.

మంచి కండిషన్‌లో మూడు సిలిండర్ల ట్రాక్టర్ డీజిల్ ఇంజన్ ఒకటి దొరుకుతోంది. అదీ 40 హెచ్‌పీయే, కాకపోతే 2100 ఆర్‌పీఎం దగ్గర. హెచ్‌పీ ఒకటే అయినా డీజిల్‌కి టార్క్ (తిప్పే బలం) ఎక్కువ కాబట్టి పడవ బాగా లాగుతుందని కొందరంటున్నారు, ట్రాక్టర్ ఇంజన్ నీటికి పనికిరాదని ఇంకొందరు. అసలు రెండింటికీ తేడా ఎక్కడ? ట్రాక్టర్లన్నీ డీజిలే ఎందుకు, చిన్న పడవల్లో పెట్రోలే ఎందుకు ఎక్కువ? పెట్టాలంటే ఏమేం మార్చాలి? వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి గంట నుంచి రెండు గంటలు నడుస్తుంది. ఏది గొప్ప అని కాకుండా లెక్కలతో చెప్పండి.

గవర్నర్‌రాడ్:

చుక్కాని గారూ, ముందు ఆ టార్క్ మాట తేల్చేద్దాం. పడవల దగ్గర వాదన దారి తప్పేది ఎక్కువగా అక్కడే.

కిలోవాట్లు = న్యూటన్ మీటర్లు × ఆర్‌పీఎం ÷ 9549. మీ 40 హెచ్‌పీ అంటే 30 కిలోవాట్లు. పెట్రోల్ ఇంజన్ 4000 దగ్గర ఇస్తోంది కాబట్టి క్రాంక్ మీద టార్క్ 72 న్యూటన్ మీటర్లు. డీజిల్ 2100 దగ్గర ఇస్తుంది కాబట్టి 136. చూడబోతే దాదాపు రెట్టింపు. కానీ ప్రొపెల్లర్‌కి క్రాంక్‌తో పనిలేదు, గేర్‌బాక్స్ దాటి వచ్చిన షాఫ్టుతోనే పని. పెట్రోల్ వెనక 4:1 గేరు పెడితే షాఫ్టు 1000 తిరుగుతూ 286 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. డీజిల్ వెనక 2:1 పెడితే 1050 తిరుగుతూ 272. గేరు నష్టాలు వదిలేస్తే రెండూ ఒకటే. నెమ్మదిగా పోయే బరువైన పడవకి పెద్ద ప్రొపెల్లర్ నిదానంగా తిరగడం మంచిదన్నది నిజమే. ఆ లాభం గేరు వల్ల వచ్చేది, ఇంధనం వల్ల కాదు.

మరి ట్రాక్టర్‌కి టార్క్ గొడవ ఎందుకంటారా? అక్కడ లోడు తీరే వేరు. నాగలి గట్టి నేలలో దిగబడిందనుకోండి. ఆర్‌పీఎం 2100 నుంచి 1500కి జారుతుంది. లోడు మాత్రం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. ఆ సమయంలో ఇంజన్ టార్క్ 136 నుంచి 165కి ఎక్కితేనే గేరు మార్చకుండా బయటపడతాం. అప్పుడు పవర్ 35 హెచ్‌పీకి తగ్గినా పట్టు 20 శాతం పెరిగింది. దీన్నే టార్క్ బ్యాకప్ అంటారు. ట్రాక్టర్ డీజిల్‌ను దీని కోసమే తీర్చిదిద్దుతారు. 4000 మీద పవర్ ఇచ్చే పెట్రోల్ ఇంజన్‌ను అలాగే లోడు మీద కిందికి ఈడ్చితే గొంతు పట్టేస్తుంది, నాకింగ్ కొడుతుంది, చివరికి ఆగిపోతుంది.

పడవలో ఇది పూర్తిగా తలకిందులు. ప్రొపెల్లర్ తీసుకునే పవర్ ఇంచుమించు ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి ఉంటుంది. ఆర్‌పీఎం సగానికి దించితే పవర్ సగం కాదు, ఎనిమిదో వంతు: 40 హెచ్‌పీ కాస్తా 5 అవుతుంది. 80 శాతం ఆర్‌పీఎం దగ్గర కూడా 20 హెచ్‌పీయే. అంటే ఆర్‌పీఎం తగ్గితే లోడు అంతకంటే వేగంగా పారిపోతుంది. మీ ట్రాక్టర్ ఇంజన్ 1050 దగ్గర 20 హెచ్‌పీ ఇవ్వగలిగినా ప్రొపెల్లర్ అడిగేది 5. ట్రాక్టర్‌లో ప్రాణం నిలబెట్టే ఆ టార్క్ బ్యాకప్‌కి మీ రకం పడవలో దాదాపు పనే ఉండదు.

డీజిల్ అసలు ఆధిక్యం తాగే దగ్గర ఉంది. పెట్రోల్ ఇంజన్ కంప్రెషన్ రేషియో 8 నుంచి 11, డీజిల్‌ది 16 నుంచి 22. ఇంకోటి, పెట్రోల్‌లో పవర్ తగ్గించాలంటే గాలి గొంతు నొక్కాలి. నొక్కిన గొంతులోంచి గాలి పీల్చడానికే ఇంజన్ కొంత శక్తి పెట్టాలి. డీజిల్‌లో గాలి ఎప్పుడూ పూర్తిగా వస్తుంది, తగ్గేది ఇంధనం ఒక్కటే. అందుకే ఫుల్ రేస్‌లో ఉన్న తేడా కంటే సగం లోడులో తేడా ఎక్కువ. సుమారు లెక్క ఇది. 30 కిలోవాట్ల దగ్గర పెట్రోల్ గంటకి 13 లీటర్లు, డీజిల్ 8.5. 15 కిలోవాట్ల దగ్గర పెట్రోల్ 7.5 పైన, డీజిల్ 4.5. ఇంజన్ వయసును బట్టి పది పదిహేను శాతం అటూ ఇటూ వేసుకోండి.

అసలు సంగతి ఇంకా మిగిలే ఉంది. మీ పడవకి 40 హెచ్‌పీ ఎందుకు? ఈ రకం పడవ వేగం నీటి గీత పొడవుకి కట్టుబడి ఉంటుంది: అడుగుల్లో పొడవుకి వర్గమూలం తీసి 1.34తో గుణిస్తే వేగం నాట్లలో, అంటే గంటకి ఎన్ని సముద్ర మైళ్లో, వస్తుంది. 22 అడుగులకి 6.3 నాట్లు. ఆ వేగానికి టన్నుకి 4, 5 హెచ్‌పీ వేసుకుంటే 3 టన్నులకి 12 నుంచి 15. ఎదురుగాలికీ ఎదురు ప్రవాహానికీ కలుపుకున్నా 20 దాటదు. మిగతా 20తో వెనక భాగం నీళ్లలో కూరుకుపోయి అల పెద్దదవుతుంది తప్ప వేగం రాదు.

నీటిగేరు:

గవర్నర్‌రాడ్ గారి లెక్కతో పేచీ లేదు. ట్రాక్టర్ ఇంజన్ నీటికి పనికిరాదనడం మాత్రం ఒప్పుకోను. బాగానే పనికొస్తుంది, కాకపోతే ఇంజన్ తప్ప దాని చుట్టూ ఉన్నదంతా మార్చాలి. పని ఎంతో చూడండి.

ట్రాక్టర్‌లో ఇంజనే ఛాసిస్. ముందు యాక్సిల్ ఇంజన్‌కి బిగిస్తారు, వెనక గేర్‌బాక్స్ నేరుగా బోల్టు అవుతుంది. కాబట్టి చాలావాటికి పక్కల మౌంటింగ్ కాళ్లే ఉండవు. ముందు టైమింగ్ కవర్ వైపు ఒక ప్లేటు, వెనక ఫ్లైవీల్ హౌసింగ్‌కి రెండు కాళ్లు తయారు చేయించాలి. ఆయిల్ చాంబర్ పోత ఇనుముది, లోతు ఎక్కువ. పడవలో షాఫ్టు వంపు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటుంది కదా, ఇంజన్ వెనక్కి వాలుతుంది. ఆయిల్ పీల్చే గొట్టం చాంబర్‌లో ముందు వైపు ఉంటే అల మీద ముక్కు లేచినప్పుడు గాలి పీలుస్తుంది. ముందు చాంబర్ విప్పి ఆ గొట్టం ఎక్కడుందో చూడండి. డిప్‌స్టిక్ గీత కూడా నమ్మొద్దు. సమతలం మీద పెట్టి సరైన కొలతతో ఆయిల్ పోసి, పడవలో వాల్చాక ఎక్కడిదాకా తడుస్తుందో చూసి కొత్త గీత గీసుకోవాలి.

ట్రాక్టర్ గేర్‌బాక్స్‌ను పడవలో వాడదామనే ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. ప్రొపెల్లర్ షాఫ్టును ముందుకి తోస్తుంది, ఆ తోపుడు వందల కిలోలు. దాన్ని కాసే థ్రస్ట్ బేరింగ్ మెరైన్ గేర్‌బాక్స్‌లో ఉంటుంది, ట్రాక్టర్ పెట్టెలో ఉండదు. తోపుడు క్రాంక్‌కి చేరితే క్రాంక్ పక్కన ఉండే అర్ధచంద్ర వాషర్లు అరిగిపోయి క్రాంక్ బ్లాకును తినేస్తుంది. మెరైన్ గేర్‌బాక్స్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య స్ప్రింగులు గానీ రబ్బరు గానీ ఉన్న డాంపర్ ప్లేటు తప్పనిసరి. మూడు సిలిండర్ల డీజిల్ ఒక్కో పేలుడుకీ ఒక్కో కుదుపు ఇస్తుంది. డాంపర్ లేకుండా బిగిస్తే ఐడ్లింగ్‌లో గేర్లు రాళ్ల డబ్బాలా మోగుతాయి. కొన్నాళ్లకి స్ప్లైన్లు పోతాయి.

కూలింగ్ గురించి. రేడియేటర్ తీసేసి హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఇంజన్ నీటి వేడిని బయటి నీటికి ఇచ్చే పెట్టె) పెట్టాలి. షాఫ్టుకి ఎంత పవర్ వస్తుందో ఇంచుమించు అంత వేడి కూలింగ్ నీటిలోకి పోతుందని లెక్క వేసుకుంటే చాలు. 30 కిలోవాట్ల వేడిని బయటి నీరు 12 డిగ్రీలు మాత్రమే వేడెక్కేలా తీసుకెళ్లాలంటే నిమిషానికి 36 లీటర్లు పారాలి. రబ్బరు ఇంపెల్లర్ పంపు ఆ కొలతకి చూసుకోండి, గొట్టాలు సన్నవి పెట్టొద్దు. ఉప్పునీరైతే ఎక్స్‌ఛేంజర్‌లో జింకు కడ్డీ ఉంటుంది, సగం అరిగిందంటే మార్చేయాలి. ఇంజన్ లోపలి చక్రంలో కూలంటే వాడండి, ఒట్టి నీళ్లు వద్దు. తడి లైనర్లున్న డీజిల్‌లో లైనర్ అదురుకి బయట గోడ మీద బుడగలు పేలి, సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. తగిన కూలంట్ లేకపోతే ఆ గుంటలు ఏకంగా సిలిండర్‌లోకి తెరుచుకుంటాయి.

సైలెన్సర్ విషయంలో ఏమరుపాటు కుదరదు. పొడి ఎగ్జాస్ట్ గొట్టం ఫుల్ లోడులో 500 డిగ్రీలు దాటుతుంది, చుట్టూ ఉన్నది చెక్క, ఫైబరు. అందుకే బయటి నీటిని ఎగ్జాస్ట్ మోచేతిలో కలిపి చల్లార్చి రబ్బరు గొట్టంతో బయటికి పంపుతారు. ఆ నీరు కలిసే చోటు నీటి గీతకి 15 సెంటీమీటర్ల కంటే పైన లేకపోతే యాంటీ సైఫన్ లూపు పెట్టాలి, లేదంటే ఇంజన్ ఆపాక నీరు తనంతట తనే పారి సిలిండర్లలోకి వెళ్తుంది.

చాలామంది మరిచిపోయేది ఎయిర్ ఫిల్టర్. పాత ట్రాక్టర్లకి ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉంటుంది. పడవ పక్కకి ఊగితే ఆ ఆయిల్ తొణికి ఇన్‌టేక్‌లోకి పోతుంది. డీజిల్ ఇంజన్‌కి ఆయిల్ కూడా ఇంధనమే! రేస్ మన చేతిలో ఉండదు, స్టాప్ లాగినా ఆగదు, ఎందుకంటే మనం ఆపేది పంపునే. గాలి నోరు చెక్కతోనో ప్లేటుతోనో మూస్తేనే ఆగుతుంది. అరచేయి పెట్టొద్దు. పొడి ఫిల్టర్‌కి మార్చేయండి, నీటి మీద దుమ్ము ఎలాగూ తక్కువ.

మార్చక్కర్లేనిది ఒక్కటుంది, గవర్నర్. ట్రాక్టర్ లివర్ ఎంత ఆర్‌పీఎం అడుగుతుందో గవర్నర్ అంత నిలబెడుతుంది. అల మీద ప్రొపెల్లర్ గాల్లోకి లేస్తే లోడు ఒక్కసారిగా పోతుంది, గవర్నర్ వెంటనే డీజిల్ కోసేస్తుంది. గవర్నర్ లేని కార్బొరేటర్ పెట్రోల్ ఇంజన్ ఆ క్షణంలో గోల పెట్టి ఎగురుతుంది.

చుక్కాని:

ఇంత పని ఉంటుందనుకోలేదు. ఇంకో రెండు సందేహాలు. డీజిల్ అంటుకోదు కాబట్టి పడవలో భద్రం అంటారు, ఎంతవరకు నిజం? ఇప్పుడున్న పెట్రోల్ ఇంజన్‌నే బోరు చేయించి ఉంచుకుంటే ఏం జాగ్రత్తలు? డీజిల్ పెట్టినవాళ్లకి ఎక్కువగా వచ్చే తలనొప్పులేంటి?

బిల్జ్‌పంపు:

అంటుకోదు అనే మాట సరికాదు, దాన్ని మాత్రం సరిచేస్తాను. పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా నిప్పురవ్వకి అంటుకునేంత తయారవుతుంది. డీజిల్‌కి 50 డిగ్రీలు దాటాలి. కాబట్టి మామూలు ఎండలో కారిన డీజిల్ మీద రవ్వ పడితే భయం తక్కువ. కానీ రవ్వ లేకుండా, ఒట్టి వేడికే అంటుకునే విషయంలో డీజిల్ పెట్రోల్ కంటే ముందుంటుంది. అసలు ఆ ఇంజన్ నడిచేదే ఆ గుణం మీద. నాజిల్ పైపు జుట్టుమందం చీలి మంచులా చిమ్మే డీజిల్ ఎర్రగా కాలిన మానిఫోల్డ్ మీద పడితే మంటే. నాజిల్ పైపుల క్లిప్పులు ఊడిపోయినవి అలా వదిలేయకపోవడం, మానిఫోల్డ్‌కి తొడుగు వేయడం అందుకే. ఆ చీలిక ఎక్కడుందో వేలితో తడమొద్దు. వంద బార్ల పైన వచ్చే ధార చర్మంలోకి దూరిపోతుంది, బయటికి చీమ కుట్టినట్టే కనపడినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క పట్టి చూడండి.

పెట్రోల్ ప్రమాదం తీరు వేరు. దాని ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో కారితే రోడ్డు మీద చెదిరిపోతుంది. పడవలో పోయేందుకు దారి లేదు, అడుగున గిన్నెలో నీళ్లలా నిలబడుతుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, పేలడానికి సిద్ధం. సెల్ఫ్ కొట్టగానే స్టార్టర్ బ్రష్షుల దగ్గర వచ్చే రవ్వ చాలు. కాబట్టి ఉన్న ఇంజన్ ఉంచుకుంటే ఇవి చూసుకోండి. ఇంజన్ గదికి బ్లోయర్ ఉండాలి, దాని గొట్టం అడుగు దాకా దిగాలి, స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు తిరగాలి. బ్లోయర్ ఆన్ చేశాం కదా అని ఊరుకోకుండా మూత ఎత్తి వాసన చూడండి, ముక్కుకి మించిన మీటరు లేదు. కార్బొరేటర్ నోటికి ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి. కారు ఎయిర్ ఫిల్టర్ పెట్టేస్తే బ్యాక్‌ఫైర్ కొట్టినప్పుడు మంట బయటికొస్తుంది. స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు మెరైన్‌వే కావాలి: చూడ్డానికి కారువాటిలాగే ఉన్నా రవ్వ బయటికి రాకుండా మూసి ఉంటాయి. మార్పిడి ముక్కలు కొనేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఏసీ పంపు (టాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు) పొర చిరిగితే పెట్రోల్ బయటికి కాకుండా సన్న పారదర్శక గొట్టం గుండా కార్బొరేటర్‌లోకి వెళ్లేలా మెరైన్ పంపులో ఏర్పాటు ఉంటుంది. ఆ గొట్టంలో తడి కనపడితే పంపు మార్చే రోజు వచ్చినట్టే.

పొగ కూడా చూడాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొన్ని శాతాలు ఉంటుంది. డీజిల్‌లో మామూలుగా దానికి ఎన్నో రెట్లు తక్కువ. వెనక గాలి వీస్తుంటే ఆ పొగ తిరిగి క్యాబిన్‌లోకే వస్తుంది. క్యాబిన్ మూసి ఉండే పడవైతే అలారం పెట్టండి.

పెట్రోల్‌లో ఇథనాల్ కలిసి ఉంటే ఇంకో బాధ. నీటి తేమ పట్టి పట్టి ఒక హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి. ఇంజన్ తాగేది అడుగుదే. మూడు నెలల పైన ఆపి ఉంచేట్టయితే స్టెబిలైజర్ కలపండి, ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయండి.

నాజిల్:

డీజిల్ తలనొప్పులు నేను చెప్తాను. పదింటిలో తొమ్మిది ఇంధనం దగ్గరే: నీరు, మురికి, గాలి.

టాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద చెమట పడుతుంది. నీరు బరువు కాబట్టి అడుగుకి చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే ఆ పొర మీద బూజు పెరుగుతుంది. అల కొట్టినప్పుడు అది లేచి ఫిల్టర్‌లో నల్లటి జిగురులా పట్టేస్తుంది. అందుకే నిలకడ నీళ్లలో బాగా నడిచే ఇంజన్ సరిగ్గా అలల్లోకి వెళ్లాక ఆగిపోతుంది. ట్రాక్టర్‌లో ఇదే జరిగితే గట్టు పక్కన ఆపి ఫిల్టర్ మార్చుకుంటారు. పడవలో అది కుదరదు. కాబట్టి ఇంజన్ మీదున్న ఫిల్టర్‌కి ముందు నీటిని వేరుచేసే గాజు గిన్నె ఫిల్టర్, 10 లేదా 30 మైక్రాన్లది, ఒకటి పెట్టండి. వీలైతే రెండు పక్కపక్కన, మధ్యలో కుళాయి. బయల్దేరే ముందు గిన్నె అడుగు మర వదిలి గ్లాసుడు డీజిల్ పారదర్శక సీసాలో పట్టండి. నీరుంటే కింద ముత్యంలా విడిగా నిలుస్తుంది.

గాలి చిత్రమైనది. టాంకు నుంచి లిఫ్ట్ పంపు (డీజిల్‌ను టాంకులోంచి లాగే పంపు) దాకా గొట్టంలో పీల్పు ఉంటుంది, ఒత్తిడి కాదు. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి లేదు కదా అని లీకు లేదనుకోవద్దు. పంపు ముందు అడుగు పొడవు పారదర్శక గొట్టం తాత్కాలికంగా పెడితే బుడగలు పరిగెత్తడం కంటికే కనపడుతుంది. దోషి ఎక్కువగా బాంజో బోల్టు (ఇంధన గొట్టాన్ని బిగించే, లోపల బోలుగా ఉండే బోల్టు) కింద రాగి వాషరే. ఒకసారి బిగించిన రాగి గట్టిపడిపోతుంది, రెండోసారి అణగదు. కొత్తది లేకపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, మసి తుడిచి వేయండి.

ఎయిర్ తీసే వరస ఇది. ముందు బయటి నీటి సీకాక్ (బయటి నీరు లోపలికొచ్చే చోట ఉండే కుళాయి) మూసేయండి, ఎందుకో చివర చెప్తాను. ఫిల్టర్ తల మీది బ్లీడ్ మర ఒకటిన్నర చుట్టు వదిలి లిఫ్ట్ పంపు లివర్ చేత్తో కొట్టాలి. మొదట నురుగు, తర్వాత బుడగలు, తర్వాత నిఖార్సైన డీజిల్. బుడగ ఒక్కటి కూడా లేనప్పుడు, పంపు కొడుతూనే మర బిగించండి. లివర్ తేలిగ్గా ఊగుతూ ఏమీ కొట్టకపోతే క్యామ్ దానికి అడ్డుగా నిలబడిందని అర్థం, ఇంజన్ ఒక చుట్టు తిప్పి మళ్లీ చూడండి. తర్వాత డీజిల్ పంపు మీది మర దగ్గర అదే పని. చివరగా రేస్ ఫుల్ పెట్టి, స్టాప్ వదిలి, రెండు నాజిళ్ల పైపు నట్లు ఒక చుట్టు వదలండి, ఎక్కువగా 17 స్పానర్ పడుతుంది. సెల్ఫ్ 10, 15 సెకన్లు. నట్టు దగ్గర ఉమ్మినట్టు డీజిల్ చిమ్మగానే బిగించండి. చాలాసార్లు అది బిగిస్తుండగానే మిగిలిన సిలిండర్ మీద అందుకుంటుంది.

సీకాక్ సంగతి: ఇంజన్ అందుకోకుండా సెల్ఫ్ మీద తిరిగినంతసేపూ రబ్బరు పంపు నీటిని ఎగ్జాస్ట్‌లోకి తోస్తూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి ఊదే పొగ ఇంకా లేదు. సైలెన్సర్ డబ్బా నిండి నీరు వెనక్కి మళ్లి వాల్వుల్లోంచి సిలిండర్‌లోకి దిగుతుంది. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెల్ఫ్ కొట్టగానే టక్‌మని ఆగిందంటే మళ్లీ కొట్టొద్దు. నాజిళ్లు తీసి క్రాంక్ చేత్తో తిప్పి నీరు బయటికి పంపండి. ఇంజన్ ఆయిల్ పాలలా మారి ఉంటే వెంటనే తీసేసి, వేడెక్కేదాకా నడిపి, తెల్లదనం పోయేదాకా మళ్లీ మళ్లీ మార్చాలి. స్టార్టయిన వెంటనే సీకాక్ తెరవాలి, పొడిగా తిరిగితే ఇంపెల్లర్ రెక్కలు నిమిషంలోపే మాడతాయి. తాళం చెవిని సీకాక్ పిడికి తగిలించి ఉంచడం ఒక మంచి అలవాటు.

ఇంకొకటి మీ పడవకి నేరుగా తగిలేది. 40 హెచ్‌పీ డీజిల్‌ను 10 హెచ్‌పీ పని మీద గంటలకొద్దీ నడిపితే సిలిండర్ తగినంత వేడెక్కదు. కాలని డీజిల్ రింగుల వెనక మసిగా గట్టిపడుతుంది, బోరు గోడ అద్దంలా నునుపెక్కి ఆయిల్ నిలవదు. సైలెన్సర్ నోట నల్లటి జిడ్డు కారుతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది. మొదట్లోనే పట్టుకుంటే 70, 80 శాతం లోడు మీద అరగంట నడిపితే కోలుకుంటుంది. గోడలు పూర్తిగా నునుపెక్కితే విప్పి హోనింగ్ చేయాల్సిందే. ట్రాక్టర్‌కి ఈ జబ్బు అరుదు, నాగలి దాన్ని ఖాళీగా ఉండనివ్వదు కాబట్టి. పెట్రోల్ ఇంజన్ కూడా తక్కువ లోడుని దీనికంటే బాగా ఓర్చుకుంటుంది, ప్లగ్గులు నల్లబడడం తప్ప.

పీటీఓ540:

ట్రాక్టర్ వైపు రెండు మాటలు. మొదట్లో ట్రాక్టర్లు పెట్రోల్, కిరోసిన్ మీదే నడిచాయి. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ పెట్రోల్ మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చే రకం. ఫెర్గూసన్ టీఈ20 1946లో పెట్రోల్ ఇంజన్‌తో మొదలై 1951కి డీజిల్ రూపం దాల్చింది. కారణం గవర్నర్‌రాడ్ గారు చెప్పిందే. రోజంతా 70, 80 శాతం లోడు, నిలకడ ఆర్‌పీఎం, ఉన్నట్టుండి తగిలే గట్టి నేల. బరువు అక్కడ లోపం కాదు, చక్రం జారకుండా పట్టుకునే ఆస్తి. నీటి మీద లేచి పరిగెత్తే చిన్న పడవలో అదే బరువు శాపం, అందుకే ఔట్‌బోర్డులన్నీ (పడవ వెనక బయట తగిలించే ఇంజన్లు) దాదాపు పెట్రోలే.

రెండు ఇంజన్లకీ ఒకే ఆయిల్ డబ్బా వాడేవాళ్లకి: డీజిల్‌కి మసిని తనలో తేలుతూ ఉంచే ఆయిల్ కావాలి, డబ్బా మీద సీఐ-4 లాంటి సీ వరస గుర్తు చూడండి. పెట్రోల్‌కి ఎస్ వరస. మార్చిన గంటకే డీజిల్ ఆయిల్ నల్లబడితే కంగారు పడొద్దు, అది పని చేస్తోందని గుర్తు. పెట్రోల్ ఇంజన్‌లో ఆయిల్ పల్చబడి పెట్రోల్ వాసన కొడితే మాత్రం చోక్ ఇరుక్కుందేమో, ఏసీ పంపు పొర చిరిగిందేమో చూడాలి.

సెకండ్‌హ్యాండ్ డీజిల్ కొనే ముందు కంప్రెషన్ కొలిపించండి. సాధారణంగా 25 నుంచి 35 బార్లు రావాలి, సిలిండర్ల మధ్య తేడా 3 బార్లు దాటకూడదు. పెట్రోల్ గేజీ పెట్టొద్దు, అది 10, 12 బార్ల కోసం చేసింది.

చుక్కాని:

కంప్రెషన్ ఇంకా కొలిపించలేదు. కానీ ప్రొపెల్లర్ గూడు కొలిచాను: చుక్కానికీ అడుగుకీ మధ్య నిలువున 17 అంగుళాల ఖాళీ. ట్రాక్టర్ ఇంజన్ 2:1 గేరుతో ఇందులో పడుతుందా, లేక 20 హెచ్‌పీ చిన్న డీజిల్ వెతుక్కోవాలా?

గవర్నర్‌రాడ్:

ఆ ఒక్క కొలతతో తేలిపోయింది. 40 హెచ్‌పీని 1050 ఆర్‌పీఎం షాఫ్టు మీద తినాలంటే సుమారు 20 అంగుళాల ప్రొపెల్లర్ కావాలి. రెక్క కొసకీ పడవ అడుగుకీ మధ్య వ్యాసంలో పదో వంతైనా ఖాళీ ఉండాలి, పైనా కిందా కలిపితే 24 అంగుళాల గూడు. మీకున్నది 17. పైగా షాఫ్టు మీద టార్క్ ఇప్పటి 143 నుంచి 272కి పోతుంది. షాఫ్టు మందం టార్క్‌కి ఘనమూలం చొప్పున పెరగాలి కాబట్టి 25 మి.మీ. కాస్తా 31 అవుతుంది. దాంతో స్టెర్న్ ట్యూబు (షాఫ్టు పడవ బయటికి పోయే గొట్టం), బుష్షు, కప్లింగు అన్నీ కొత్తవే.

అదే 3000 దగ్గర 20 హెచ్‌పీ ఇచ్చే డీజిల్, మీ దగ్గరున్న 2:1 గేరు అనుకోండి. షాఫ్టు 1500, టార్క్ 95, ఇప్పటి షాఫ్టుకి తేలిక. ప్రొపెల్లర్ 14 అంగుళాలు, గూడు 16.8, సరిగ్గా సరిపోతుంది. పాత గేర్‌బాక్స్ డీజిల్ కుదుపులకి ఒప్పుకుంటుందా అన్నది దాని ప్లేటు మీదుండే రేటింగ్‌లో చూడండి, డీజిల్‌కి తక్కువ అంకె విడిగా రాసి ఉంటుంది. మామూలు ప్రయాణంలో ఆ ఇంజన్ 60, 70 శాతం లోడు మీద ఉంటుంది, నాజిల్ గారు చెప్పిన జిడ్డు జబ్బు దరిచేరదు.

నీటిగేరు:

ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి అది ముందుకి పోవాల్సిన దూరం) ఒకేసారి ఖాయం చేయొద్దు. 3 టన్నుల సామానుతో, నిలకడ నీళ్లలో, ఫుల్ రేస్ పెట్టి టాకోమీటర్ చూడండి. 3000 అందాలి, ఇంకో 50 ఎక్కువ వచ్చినా మంచిదే. 2800 దగ్గరే ఆగి నల్లపొగ వస్తుంటే పిచ్ ఎక్కువైంది. అంగుళం తగ్గిస్తే సుమారు 100 నుంచి 150 ఆర్‌పీఎం లేస్తుంది. ఖాళీ పడవతో ఈ పరీక్ష చేయకండి, 3000 అందినట్టే కనపడి సామాను పడ్డ రోజు పొగ మొదలవుతుంది.